పులివేట పాపయ్యకు పేడనీళ్లు

విజయనగరం,
4-2-1973

చి. కనకకు మేనమామ దీవెనలు.

"ప్రాణం పోయినా వస్తాను బావా" అన్నాడు మీ నాన్న జగన్నాథరావు. నలభై ఏళ్ల కిందట గజపతినగరం దసరా పందిట్లో నా చెయ్యి పట్టుకుని అన్న మాట అది. ప్రాణం పోలేదు. మనిషి రాలేదు. మీసం అంటించడానికి కాచిన జిగురు గిన్నెలోనే గడ్డ కట్టింది. జనం వేరుశనగకాయలు తిన్నంతసేపు తిని, చాపలు చుట్టుకుని వెళ్లిపోయారు. నా 'పులివేట పాపయ్య' ఆ రోజు ఆడలేదు, ఆ తరవాత ఏ రోజూ ఆడలేదు. మీ అమ్మ ఉన్నన్నాళ్లూ చెల్లెలి మొహం చూసి మీ గుమ్మం తొక్కాను. ఆవిడ పోయాక ఆ అవసరమూ లేకపోయింది.

ఇప్పుడు నువ్వు ఉత్తరం రాశావు. అరకులో రైల్వేవాళ్లూ, మీ కాఫీ తోటల ఆఫీసువాళ్లూ కలిసి నాటక సమాజం పెట్టారనీ, మీ ఆయన సూర్యనారాయణ దానికి డైరెక్టరనీ, నవ్వించే నాటకం ఏదైనా ఉంటే పంపమనీ. స్టేషన్‌మాస్టరు కదా, పచ్చజెండా ఊపినంత తేలిగ్గా నాటకం నడపవచ్చనుకుంటున్నాడేమో. సరే, పంపుతున్నాను. నా దగ్గర ఉన్న ప్రతి ఇదొక్కటే. ఇంకో ప్రతి మద్రాసులో ఒక ప్రచురణకర్త దగ్గర పోయింది. పోగొట్టుకున్నందుకు విచారిస్తున్నానని కాదు, పోవడం వల్ల తెలుగుకి నష్టమేమీ లేదని రాశాడు మహానుభావుడు.

కథ నీకు తెలియదు కదూ. పాపయ్య ఒక ఊరి కరణం. పులిని చంపుతానని డప్పులు కొట్టించుకుని అడవికి పోతాడు. మూడు రోజులు చెట్టు కొమ్మ మీద నిద్రపోయి ఉత్త చేతులతో వస్తాడు. చంపిన పులి ఏట్లో కొట్టుకుపోయిందంటాడు. ఊరంతా నమ్మి దండ వేసి పల్లకీ ఎక్కిస్తుంది. తెర. లోకం తీరు అంతే. సంస్కృతంలోవీ, ఇంగ్లీషులోవీ, ఫ్రెంచి నుంచి అనువాదమై వచ్చినవీ, దొరికిన ప్రహసనాలన్నీ చదివే ఈ నిర్ణయానికి వచ్చాను.

షరతులు రెండు. ఒకటి, అక్షరం మార్చకూడదు. రెండు, మీ నాన్న రంగం మీద కనపడకూడదు. మరీ సరదాగా ఉంటే తెర వెనక కూర్చుని మాటలు అందించమను. కనపడకుండా ఉండటం ఆయనకి బాగా అలవాటే.

వరహాలరావు

*

అరకు,
18-2-1973

మావయ్యగారికి కనక నమస్కారాలు.

నాటకం చేరింది. మీ షరతులు రెండూ మా ఆయన కాగితం మీద రాసి గోడకి అంటించారు. నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివి, "రెండోదాన్ని కొంచెం పెద్ద అక్షరాలతో రాయాల్సింది" అని పడక్కుర్చీలో కూర్చున్నారు.

రిహార్సళ్లు గూడ్స్ షెడ్డులో. మన పాపయ్య దొరికాడు మావయ్యా! మా నర్సరీలో పనిచేసే గంగరాజు. కొండ మనిషి, పక్క ఊరే. ఛాతీ విరిచి నాలుగడుగులు వేస్తే చాలు, కట్టెల మోపులతో వెళ్లే ఆడవాళ్లు మోపులు దించి కూర్చుంటున్నారు. మాటలు మీరు రాసినట్టే పలుకుతున్నాడు, కాకపోతే 'ష' దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటాడు.

ఒక చిక్కు వచ్చింది. పల్లకీ ఎక్కగానే తెర పడుతుంది కదా. తెర పడ్డాక కూడా చూసేవాళ్లు కదలటం లేదు. ఇంకా ఏదో ఉందని కూర్చుంటున్నారు. గంగరాజు పెళ్లాం సోములమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఏటమ్మా ఇది? ఏట దొరక్కండా ఉత్త సేతుల్తో వొచ్చినోడికి దండేత్తారా? మీ వూల్లో ఆడోల్లు లేరేటి?"

"ఉంటే ఏం చేస్తారు?"

"పేడనీల్లు పోత్తారు!"

ఇక్కడి సంగతి మీకు చెప్పాలి. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లంతా అడవికి వేటకి పోతారు. కుందేలో, అడవి కోడో, ఏదో ఒకటి తేవాలి. వట్టి చేతులతో వచ్చినవాణ్ణి ఊళ్లో ఆడవాళ్లు కుండలతో తరిమి పేడనీళ్లు కుమ్మరిస్తారు. అందరికీ అదే పెద్ద వేడుక, తడిసినవాడికి కూడా. కాబట్టి మన పాపయ్యకి ఆ మర్యాద ఎప్పుడు జరుగుతుందా అని వాళ్లు ఎదురుచూస్తున్నారు. చివర ఒక్క చిన్న మార్పు చేస్తే ఎలా ఉంటుందని మా ఆయన అడగమన్నారు. అడిగాను. కోప్పడకండి.

ఇంకో మాట. నాన్న మాటలు అందించేటప్పుడు చూశాను. పుస్తకం ఒళ్లో మూసే ఉంది.

మీ
కనక

*

విజయనగరం,
24-2-1973

కనకా,

పేడనీళ్లా!

నా నాటకం మీద పేడనీళ్లు పొయ్యాలన్న ఆలోచన కొండల్లో పుట్టింది కాదమ్మా, మీ ఇంట్లో పడక్కుర్చీలో పుట్టింది. ఎవరో సోములమ్మ పేరు చెబితే నేను నమ్ముతానా? నలభై ఏళ్ల కిందట నా నాటకాన్ని ఎండబెట్టాడు, ఇప్పుడు తడపాలనుకుంటున్నాడు.

మూడో అంకం బాగాలేదన్న మాట నాకు కొత్త కాదులే. ఈ ఊళ్లో ఒక సాహిత్య సంఘం ఉంది. దాని అధ్యక్షుడు నేను నాటకం చదువుతుంటే మొదటి అంకంలోనే గురక పెట్టాడు. చివర కళ్లు తుడుచుకుని లేచి, "మూడో అంకం తేలిపోయింది" అన్నాడు. నిద్రపోయినవాడికి మూడో అంకం ఎలా అందింది? పదిహేనేళ్లుగా అడుగుతున్నాను. అద్దె కిరీటాలు పెట్టుకుని పద్యం మధ్యలో దగ్గేవాళ్లకి మాత్రం వన్స్‌మోర్‌లు కొడతాడు.

అక్షరం మార్చవద్దు. చైత్రమో వైశాఖమో నాకు అనవసరం. ఏప్రిల్ పదిహేను ఆదివారం, ఆ రోజే ఆడాలి. మీ ఆయనకి ఒక సలహా. రిహార్సలులో చేతిలో బెత్తం ఉండాలి. మాట తప్పినప్పుడల్లా బల్ల మీద ఒక దెబ్బ. ఆ రోజుల్లో నేను అలాగే చేశాను. మీ నాన్న ఒక్కడే నా పాపయ్యని అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నాడు. నేర్చుకుని ఏం చేశాడన్నది వేరే సంగతి.

పుస్తకం మూసి ఉందన్నావు. మొదటి అంకంలో చెట్టు ఎక్కే ముందు మాట కూడా వస్తోందా? ఊరికే అడిగాను.

వరహాలరావు

*

అరకు,
14-3-1973

మావయ్యగారికి,

మీ ఉత్తరం పైకి చదివాను. నాన్న విని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "నా వంతు తిట్లు ఒక్కటీ తగ్గలేదు. బావ ఆరోగ్యం బాగానే ఉందన్నమాట" అన్నారు. పేడనీళ్ల ఊహ ఆయనది కాదు మావయ్యా, అమ్మ మీద ఒట్టు. చెట్టు ఎక్కే ముందు మాట వస్తోంది. దాని తరవాత మీరు కొట్టేసిన రెండు వాక్యాలు కూడా వస్తున్నాయి.

అసలు సంగతి తేదీ. ఏప్రిల్ పదిహేనుకి ఇటుకల పండగ జోరు మీద ఉంటుంది. గంగరాజు వేటకి వెళ్లక తప్పదు. ఏదో ఒకటి దొరక్కుండా ఊళ్లోకి రాడు. వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మే నెలకి మార్చుకుందామా? అప్పటికి అందరూ తీరికగా ఉంటారు.

ఇక్కడ సాయంత్రాలు ఇంకా చలే. నాన్నకి గొంతు పట్టింది, మిరియాల కషాయం ఇస్తున్నాను.

మీ
కనక

*

విజయనగరం,
20-3-1973

కనకా,

"తరవాత" అనే మాట నాకు చెప్పకు. ఆ దసరాకి కూడా "వచ్చే వారం ఆడదాం లెండి" అనే జనాన్ని పంపించాం. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు.

నీకు చెప్పలేదు. నా ఎడమ కన్ను పూర్తిగా మసకేసింది. కుడి కంటికీ పొర దిగుతోంది. చదవటం పొద్దుటి పూట మాత్రమే. ఆపరేషనంటున్నారు. చేసే డాక్టరు ఎలాంటివాడో మనకేం తెలుసు? పాపయ్య నడవటం నేను ఒక్కసారైనా నా కళ్లతో చూడాలి. వినటం కాదు, చూడాలి. నేను రాసిన వాటిలో నవ్వు వచ్చేది ఇదొక్కటే. అందుకే పదిహేనో తేదీ. మారిస్తే నాటకం వెనక్కి పంపించెయ్యి.

బస్సులో వస్తాను. రైలు వద్దు. ఆ సొరంగాల్లో పుస్తకం తెరవటం, ముయ్యటం తప్ప పనుండదు. ముందు వరసలో మధ్య కుర్చీ నాకు ఉంచు.

ప్రాంప్టరుకి గొంతు కషాయం దేనికి? మెల్లిగా చెప్పేవాడికి గొంతుతో పనేమిటి? మీ నాన్న మనసులో ఏదో ఉంది. రెండో షరతు మళ్లీ చదివించు.

వరహాలరావు

*

అరకు,
7-4-1973

మావయ్యగారికి,

తేదీ మార్చం. మీ కన్ను సంగతి ముందే చెప్పి ఉంటే మే నెల మాట ఎత్తేదాన్నే కాదు.

దయచేసి రైల్లో రండి. ఈ రోజుల్లో ఘాట్ రోడ్డు మీద ప్రతి ఊరి దగ్గరా ఆడవాళ్లు వెదురు గడ అడ్డం పెట్టి బళ్లు ఆపుతారు. పండగ చందా. చిల్లర ఇస్తే నవ్వుతూ గడ ఎత్తుతారు, లేకపోతే పాట పాడమంటారు, ఆడమంటారు. కలెక్టరు జీపైనా ఆగాల్సిందే. బస్సులోనే వస్తానంటే జేబులో చిల్లర ఉంచుకోండి. వాళ్లతో వాదించకండి. మిమ్మల్ని ఎరిగి చెబుతున్నాను.

గంగరాజు నిన్న వేటకి వెళ్తూ మాట ఇచ్చాడు. "పేనం పోయినా వొత్తానమ్మా!" అన్నాడు. ఆ మాట విని నాన్న చేతిలో గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్లిపోయారు.

మీ
కనక

*

అరకు,
17-4-1973

మావయ్యా,

నమస్కారం పెట్టాలో, మీతో పోట్లాడాలో తెలియకుండా ఉంది. ఎందుకు రాలేదు? మధ్య కుర్చీ మీద మీ పేరు రాసి, ఎవరూ కూర్చోకుండా గొడుగు పెట్టి కాపలా కాశాను. బస్సు వచ్చింది, మీరు దిగలేదు. చివరికి పేడనీళ్ల కోపమే గెలిచిందా? నాన్న ఉంటారనా? ఏదైనా సరే, ఏం పోగొట్టుకున్నారో వినండి.

పొద్దు వాలినా గంగరాజు జాడ లేదు. మైదానం నిండా జనం. సంతకి వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండిపోయారు. రైల్వే క్వార్టర్లు ఖాళీ. మా ఆయన చెమటలు తుడుచుకుంటూ, నాటకం లేదని చెప్పటానికి తెర ముందుకి బయల్దేరారు. నాన్న స్టూలు మీంచి లేచి ఆయన చొక్కా పట్టుకుని ఆపారు. పుస్తకం స్టూలు మీద పెట్టి నా వైపు తిరిగారు.

"జిగురు ఎక్కడుందమ్మా?"

గిన్నె తెచ్చాను. మీసం నేనే అంటించాను.

మావయ్యా, మా నాన్న అలా నడవగలరని నాకు తెలియదు. ఇంట్లో చెప్పులు ఈడుస్తూ తిరిగే మనిషి. కొమ్మ మీద నిద్రపోతూ కలలో పులికి క్షమాపణ చెప్పుకునే ఘట్టంలో మా ఆఫీసు సూపరింటెండెంటుగారు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. ఆయన నవ్వటం అరకులో ఎవరూ చూసి ఉండలేదు.

మూడో అంకం. దండ పట్టుకొచ్చారు. పల్లకీ వచ్చింది. సరిగ్గా అప్పుడు మైదానం చివర కేకలు. గంగరాజు! కుందేలు కాదు కదా కప్ప కూడా దొరకలేదట. ఇచ్చిన మాట కోసం ఊళ్లోంచి కాకుండా గట్టు వెంబడి పరిగెత్తుకొస్తుంటే సోములమ్మ చూసేసింది. వెనక ఊరి ఆడవాళ్లంతా కుండలతో. వాడు జనాన్ని తోసుకుని వచ్చి రంగం ఎక్కేశాడు. ఎక్కగానే పాపం, తన పాత్ర గుర్తొచ్చింది. ఛాతీ విరిచి, "పులి ఏట్లో కొట్టుకుపోయింది!" అని అరిచాడు.

రంగం మీద ఇద్దరు పాపయ్యలు. నాన్న ఒక్క క్షణం చూసి, "నాది కూడా అదే ఏట్లో పోయింది తమ్ముడూ! నీదాన్ని కలిసిందా?" అన్నారు.

"కలిసినాది, రండి, నా కుండలో ఉన్నాది!" అంది సోములమ్మ.

కుమ్మరించింది. గంగరాజుకి సగం, నాన్నకి సగం, తెర లాగటానికి వచ్చిన మా ఆయనకి మిగిలింది. మావయ్యా, ఆ నవ్వులు ఎలా రాయను? జనం లేచి నిలబడ్డారు. రెండు నెలలుగా ఎదురుచూస్తున్నవాళ్లు కదా. అక్షరం మేం మార్చలేదు. వాళ్లే వచ్చి మార్చారు.

స్నానం చేశాక నాన్న ఒక మాట చెప్పారు. రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఆ దసరా రోజున కూడా ఆయన వచ్చారట. పందిరి వెనక పశువుల సాలలో వేషంతో కూర్చుని తెర సందులోంచి చూశారట. ముందు వరసలో మీరు, ఒళ్లో బెత్తం. అంతే, కాళ్లు లేవలేదట. "ఇవాళ ఆ కుర్చీలో గొడుగు మాత్రమే ఉంది. బావ ఉంటే నాకు ఒక్క మాట వచ్చేది కాదు" అన్నారు. అని, తువ్వాలు దండెం మీద వేస్తూ, "ఉంటే బాగుండేది" అన్నారు.

మే నెలలో వాల్తేరు రైల్వేవాళ్లు మళ్లీ ఆడమంటున్నారు. ఉత్తరం రాయండి. తిట్టయినా రాయండి.

మీ
కనక

*

విజయనగరం,
25-4-1973

చి. కనకకు,

నేను రాలేదని ఎవరన్నారు?

వచ్చాను. అనంతగిరి దాటి కొంత దూరం వచ్చాను. వెదురు గడ అడ్డం పెట్టి బస్సు ఆపారు. జేబులో చిల్లర ఉంది. ఇవ్వలేదు. రోడ్డు ప్రభుత్వానిదనీ, దారి ఆపే అధికారం వేంగి రాజుల కాలం నుంచీ ఎవరెవరికి ఉండేదో, ఎవరికి లేదో చెప్పటానికి బస్సు దిగాను. నేను ఇంకా వేంగిలోనే ఉన్నాను, మిగతావాళ్లు డబ్బులిచ్చేశారు, గడ లేచింది, బస్సు వెళ్లిపోయింది. నా సంచీ కూడా దానితోనే పోయింది. అందులో మూడు మంచి పుస్తకాలున్నాయి. డిపోలో అడిగించు.

మిగిలింది నేనూ, నా గొడుగూ, ఆడవాళ్లూ.

"సిల్లర లేపోతే పాటెట్టు తాతా" అంది ఒకామె.

"నాకు పాటలు రావు."

"ఆట?"

"అదీ రాదు."

"మరేటొచ్చు నీకు?"

అరవై ఆరేళ్ల మనిషిని, ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, నడిరోడ్డు మీద ఆ ప్రశ్న వేస్తే ఏం చెప్పను? నాటకం వచ్చన్నాను.

"ఐతే బేగి ఆడు, సూత్తాం."

ఆడాను కనకా. గొడుగు తుపాకీ. వెదురు గడ చెట్టు కొమ్మ. పాపయ్య నేనే, పెళ్లాం నేనే, పులి నేనే. ఒక లారీ ఆగింది, ఒక జీపు ఆగింది. ఎవరూ హారను కొట్టలేదు. వాళ్ల నవ్వు చూశాను. ఈ కంటికి మొహాలు ఆనలేదు కానీ పళ్లు తెల్లగా కనిపించాయి. మా సంఘం అధ్యక్షుడు నిద్రపోయిన చోటల్లా వాళ్లు కడుపు పట్టుకున్నారు.

మూడో అంకం ముగించి, పల్లకీ ఎక్కినట్టు గడ మీద కూర్చున్నాను. ఎవరూ కదల్లేదు. ఒక ముసలమ్మ ముందుకొచ్చింది.

"పేడనీల్లేవి?"

"ఇందులో లేవు."

నా వైపు జాలిగా చూసింది. పక్కనున్న పదేళ్ల గుంటకి సైగ చేసింది. ఆ పిల్ల గుడిసెలోకి పరిగెత్తి కుండతో వచ్చింది. నేను పాపయ్యని కాననీ, రచయితననీ చెప్పాను. వాళ్ల దృష్టిలో ఆ రెంటికీ పెద్ద తేడా ఉన్నట్టు లేదు.

ఆ తరవాత వేడి నీళ్లు కాచారు. ఎవరిదో పంచె ఇచ్చారు. చోడి అంబలి పోశారు. తాగినంతసేపూ నన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు, నేనూ నవ్వానేమో. కానీ ఆ వాసనతో వచ్చి మధ్య కుర్చీలో ఎలా కూర్చోను? దిగువకి పోయే లారీ ఎక్కి ఇంటికి వచ్చేశాను.

దీనితో కొత్త మూడో అంకం పంపుతున్నాను. ఇది మార్పు కాదు, రచయిత చేసిన దిద్దుబాటు. రెంటికీ తేడా మీ ఆయనకి వివరించు. సోములమ్మ పాత్ర సోములమ్మే వెయ్యాలి, ఇద్దరు పాపయ్యలూ ఉండాలి. "నాది కూడా అదే ఏట్లో పోయింది తమ్ముడూ" అన్న మాట నాటకంలో చేర్చాను. ఆ మాట నాకు రానందుకు రెండు రోజులు అన్నం సయించలేదు. రెండో షరతు గోడ మీంచి చింపెయ్యి. వాల్తేరుకి నేను రైల్లోనే వస్తాను. ఆ ముందు వారమే కుడి కంటి ఆపరేషనుకి ఒప్పుకున్నాను. బెత్తం మా ఇంట్లోనే ఉంటుంది. చివరి వరసలో కూర్చుంటానని మీ నాన్నతో చెప్పు.

దీవెనలతో,
వరహాలరావు

తా.క. నా నాటకం మొదటి ఆట నేను చూడకపోవటానికి తప్పెవరిదని రాత్రింబవళ్లు ఆలోచించాను. గడ పెట్టిన ఆడవాళ్లది కాదు, బస్సు డ్రైవరుది కాదు, కుందేలు దొరకని గంగరాజుది కాదు. పశువుల సాల, బెత్తం కథ నేను నమ్మను, నమ్మినా ఒప్పుకోను. మొన్న పదిహేనో తేదీన వేషం కట్టేవాడు లేకపోతే ఆట ఆగేది, ఇంకో రోజు పెట్టేవారు, నేను చూసేవాణ్ణి. నలభై ఏళ్ల కిందట రావలసిన రోజున రాకుండా, ఇన్నాళ్లకి, రాకుండా ఉండవలసిన ఆ ఒక్క రోజునే వచ్చినవాడు ఒకడున్నాడు. అప్పుడూ ఇప్పుడూ నా వేలు చూపించేది ఆ మనిషినే: జగన్నాథరావు.